పాత శీతల యంత్రాల తొలగింపు: మద్రాసు ఐస్ హౌస్ నుంచి రాయలసీమ సిమెంటు బట్టీల దాకా

శీతల నిల్వకోసం కట్టిన భవనం మరో అవసరానికి మారిన సందర్భాల్లో దక్షిణ భారతదేశంలో ప్రసిద్ధమైనది మద్రాసు సముద్రతీరంలోని ఐస్ హౌస్. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికా సరస్సుల మీద కోయించి ఓడల్లో పంపిన మంచుదిమ్మలను నిల్వచేయడానికి 1842 ప్రాంతంలో దాన్ని కట్టారు. 1874లో ఆవిరి యంత్రాలతో ఐసు తయారుచేసే కంపెనీ మద్రాసులోనే మొదలుకావడంతో ఆ వర్తకం క్షీణించగా, న్యాయవాది బిళిగిరి అయ్యంగారు కట్టడాన్ని కొని నివాసంగా మార్చుకున్నారు; 1897లో వివేకానందుడు బస చేసింది అందులోనే. ఆ మార్పిడిలో ఎవరికీ ఏ ప్రమాదమూ పొంచి లేదు, ఎందుకంటే మంచు కరిగి నీరై పోయాక గోడలు తప్ప అక్కడ మరేమీ మిగలలేదు. యంత్రంతో పుట్టించిన చల్లదనం అలా కాదు. అది పనిచేయడం మానిన తరువాత కూడా తన ద్రవ్యాలను భవనంలోనే ఉంచుకుంటుంది.

ఆ ద్రవ్యాల్లో పారిశ్రామికంగా మొదట స్థిరపడినది అమ్మోనియా. 1870ల్లో జర్మనీలో కార్ల్ ఫాన్ లిండే రూపొందించిన యంత్రాల్లో, కంప్రెసర్ అమ్మోనియా ఆవిరిని నొక్కి పీడనం పెంచితే, కండెన్సర్‌లో అది వేడిని వదిలి ద్రవమై, ఆ ద్రవం ఉప్పునీటి తొట్టి చుట్టూ గొట్టాల్లో మళ్లీ ఆవిరయ్యేటప్పుడు నీటి అచ్చుల్లోని వేడిని లాక్కుంటుంది. ఊళ్లలోని ఐసు ఫ్యాక్టరీలు నేటికీ నడిచేది ఈ సూత్రం మీదే. ముక్కుపుటాలు అదిరే ఘాటు అమ్మోనియాకు ఉన్న ఒక మేలు: లీకైన సంగతిని అదే చాటుతుంది. కానీ మూతబడిన ఫ్యాక్టరీని గోదాముగానో కల్యాణ మండపంగానో మార్చదలచినవారికి వాసన లేకపోవడం భరోసా కాదు. కవాటాలు మూసి ఉన్న పాత్రల అడుగున ద్రవం నిలిచి ఉండవచ్చు, అంతకన్నా అడుగున అమ్మోనియాను తనలో కరిగించుకున్న కంప్రెసర్ నూనె పేరుకుని ఉంటుంది. అందుకే ద్రవాన్ని రిసీవర్‌లోకి చేర్చి సిలిండర్లకు ఎక్కించడం, నూనెను విడిగా తీయడం, మిగిలిన ఆవిరిని నీటిలో పీల్పించడం, నైట్రోజన్‌తో గొట్టాలను కడగడం అన్నవి పూర్తయ్యేదాకా గ్యాస్ కట్టర్ గొట్టాన్ని తాకకూడదు. గాలిలో సుమారు 15 నుంచి 28 శాతం వరకు కలిసిన అమ్మోనియా నిప్పు తగిలితే పేలగలదు.

రాయలసీమ ఎండ ఈ పనిని మరింత కఠినం చేస్తుంది. 40 డిగ్రీల వద్ద అమ్మోనియా పీడనం వాతావరణ పీడనానికి పదిహేను రెట్లు మించుతుంది కనుక, సిలిండర్‌లో వేడికి ద్రవం వ్యాకోచించడానికి చోటు వదలకపోతే, కర్నూలు మే నెల ఎండలో మిద్దె మీద ఉంచిన ఆ సిలిండర్ బాంబుతో సమానం. సిలిండర్‌ను నిండుగా నింపరాదన్న నియమాన్ని ఈ సీమలో అక్షరాలా పాటించాలి. 2020 జూన్‌లో, అప్పటికి కర్నూలు జిల్లాలో ఉన్న నంద్యాలలోని ఒక పరిశ్రమలో అమ్మోనియా లీకై అక్కడి ఉన్నతోద్యోగి మరణించారు. నడుస్తున్న, మనుషులు కనిపెట్టుకుని ఉన్న చోటే ఇలా జరిగితే, యంత్రం సంగతి తెలిసినవారంతా వెళ్లిపోయిన పాత ఫ్యాక్టరీలో జాగ్రత్త ఎన్నింతలు ఉండాలో ఊహించవచ్చు.

ఇంటి ఫ్రిజ్‌ల చరిత్ర వేరే దారి పట్టింది. తొలినాటి ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటి విషవాయువులు ఉండేవి. బెర్లిన్‌లో లీకైన వాయువుకు ఒక కుటుంబం బలైందన్న వార్త చదివి భౌతిక శాస్త్రవేత్తలు ఐన్‌స్టీన్, సిలార్డ్ కదిలే భాగాలు లేని ఫ్రిజ్‌ను రూపొందించే ప్రయత్నం చేశారు. ఆ వెతుకులాటకు మార్కెట్ ఇచ్చిన జవాబు వేరు: 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం తయారుచేసిన, వాసన లేని, మండని, విషం కాని క్లోరోఫ్లోరోకార్బన్లు. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ తయారుచేసిన ఫ్రిజ్‌లతో సహా దేశంలోని ఇళ్లకు, దుకాణాలకు దశాబ్దాలపాటు చల్లదనం ఇచ్చింది ఆ కుటుంబానికి చెందిన ఆర్-12 వాయువే. ఏ గుణాల వల్ల అది గదిలో మనిషికి హాని చేయలేదో, ఆ గుణాల వల్లనే చెక్కుచెదరకుండా ఎగువ వాతావరణానికి చేరి ఓజోన్ పొరను కొరికేసింది. రసాయన శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ 1974లో ఈ సంగతి చెప్పారు. 1987లో ఆ పదార్థాలను అదుపుచేసే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరి, 2000లో ఓజోన్‌కు హానిచేసే పదార్థాల నియంత్రణ నియమాలు తెచ్చింది.

అయితే ఆ నియమాల చూపు ప్రధానంగా ఉత్పత్తి, దిగుమతి, అమ్మకాల మీదే ఉంది. అప్పటికే గోడల్లో, మిద్దెల మీద చేరిన వాయువు సంగతి పాత సామాన్ల వ్యాపారానికి మిగిలిపోయింది. అమ్మోనియా రాగిని తినేస్తుంది కాబట్టి ఐసు ఫ్యాక్టరీల గొట్టాలు ఇనుపవి. ఆర్-12, ఆ తరహాదే అయిన ఆర్-22 వాయువుల యంత్రాల గొట్టాలు రాగివి. పాత సినిమా హాలును షాపింగ్ కాంప్లెక్సుగా మార్చేటప్పుడు రాగికి తూకం చొప్పున డబ్బు వస్తుంది, వాయువుకు ఏమీ రాదు. గొట్టాన్ని రంపంతో కోసి వాయువును గాలికి వదలడం వెనుక ఉన్నది ఈ లెక్కే తప్ప కూలీల నిర్లక్ష్యం కాదు. పైగా గాలికన్నా బరువైన ఆ వాయువు మూసిన యంత్రగదిలో నేలబారున నిలిచి ఆక్సిజన్‌ను తొలగిస్తుంది, కట్టర్ మంట తగిలితే విషపు ఆమ్లవాయువులుగా విడిపోతుంది. ఫ్రిజ్ గోడల్లో నింపిన నురుగు సంగతి ఇంకా మరుగున ఉంది: క్లోరోఫ్లోరోకార్బన్ల కాలంనాటి ఫ్రిజ్‌లో గొట్టాల్లోకన్నా ఆ నురుగులోనే ఎక్కువ వాయువు ఉంటుంది. ఈ-వ్యర్థాల నియమాలు 2011లో వచ్చి, 2022లో కొత్తరూపు దాల్చాక, 2023 జూలై సవరణతో శీతలీకరణ వాయువుల నిర్వహణ స్పష్టంగా వాటి పరిధిలోకి వచ్చింది.

రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి లాగిన వాయువును శుద్ధిచేసి మళ్లీ వాడలేకపోతే నాశనం చేయాలి. అందుకు మాంట్రియల్ ఒప్పంద దేశాలు ఆమోదించిన పద్ధతుల్లో సిమెంటు బట్టీ ఒకటి; క్లింకర్ అనే సిమెంటు గడ్డలు తయారయ్యే 1,400 డిగ్రీలకు పైబడిన వేడిలో ఆ అణువులు విరిగిపోతాయి, విడుదలైన ఆమ్లాలను సున్నం పట్టేస్తుంది, క్లోరిన్ బట్టీకి చేటు కనుక వాయువును కొద్దికొద్దిగానే పంపాలి. కడప జిల్లా ఎర్రగుంట్ల పరిసరాల్లో సున్నపురాయి ఉన్నందువల్లనే అలాంటి బట్టీలున్న సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. భవనం కూల్చివేత అనుమతికి వాయువు తీసిన ధ్రువపత్రాన్ని జతచేయమని పురపాలక సంఘాలు అడిగి, వాయువును తీసిన మెకానిక్‌కు కిలో చొప్పున కూలి దక్కే ఏర్పాటు చేస్తే, మిద్దె మీది కండెన్సర్‌కూ ఆ బట్టీకీ మధ్య ఉన్న దూరం ఒక లారీ ప్రయాణం మాత్రమే.