విదేశాల్లో మీ బ్రాండు పేరు మీ చేతిలోనే ఉండాలంటే: మాడ్రిడ్ పద్ధతిలో ట్రేడ్‌మార్క్ నమోదు

మీ రైతు ఉత్పత్తిదారుల సంఘం ఆడించిన కారం, పెట్టిన ఆవకాయ డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగువారి దుకాణాలకు వెళుతున్నాయనుకోండి. ప్యాకెట్ మీద మీ సంఘం పెట్టుకున్న పేరే ఉంది. రెండు మూడేళ్లలో ఆ పేరు అడిగి కొనేవాళ్లు తయారయ్యారు. అప్పుడు అక్కడి దిగుమతిదారు, "ఈ పేరు ఇక్కడ నా పేరున రిజిస్టరై ఉంది. నేను చెప్పిన ధరకే సరుకు పంపండి, లేదంటే వేరేచోట ఆడించుకుని ఇదే పేరుతో అమ్ముకుంటాను" అంటే మీరేం చేస్తారు?

మన దేశంలో తీసుకున్న ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు. ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశం వరకే. చైనా వంటి కొన్ని దేశాల్లో ముందు ఎవరు వాడారన్నదానికంటే ముందు ఎవరు దరఖాస్తు పెట్టారన్నదే పెద్ద లెక్క. ఏజెంటు మోసం చేసి తన పేరున రాయించుకున్నాడని అక్కడి కార్యాలయంలో అభ్యంతరం పెట్టవచ్చు, దానికి చట్టంలో దారి ఉంది. కానీ ఆ దేశపు వకీలును పెట్టుకుని, పాత బిల్లులు, ఉత్తరాలు చూపించి నెగ్గేసరికి సంఘం డబ్బు, ఓపిక రెండూ కరిగిపోతాయి. ముందే నమోదు చేసుకోవడం చవక.

మీ పంటను గుంటూరు యార్డులో అమ్మితే, దాన్ని కొన్న వ్యాపారి తన పేరుతో ఎగుమతి చేసుకుంటుంటే, ఈ వ్యాసంలోని ఖర్చు ఏదీ మీకు అక్కర్లేదు. సొంత పేరుతో ప్యాకింగ్ చేసి, ఆ పేరుతోనే బయటి దేశాలకు పంపుతున్నవాళ్లకూ, ఏడాది రెండేళ్లలో పంపబోతున్నవాళ్లకూ ఇది అవసరం.

మాడ్రిడ్ పద్ధతి అంటే ఏమిటి?

పది దేశాల్లో రక్షణ కావాలంటే పది చోట్ల, పది భాషల్లో, పదిమంది వకీళ్ల ద్వారా దరఖాస్తులు పెట్టే బదులు ఒకే దరఖాస్తుతో పని జరిగే ఏర్పాటు ఇది. జెనీవాలోని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ దీన్ని నడుపుతుంది. ఆ సంస్థనే అందరూ వైపో అంటారు. మాడ్రిడ్ ప్రోటోకాల్ అనే ఈ ఒప్పందంలో మన దేశం 2013 జూలై 8 నుంచి ఉంది. అమెరికా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్, మలేషియా, జపాన్ కూడా ఇందులో ఉన్నాయి. గల్ఫ్ దేశాల్లో బహ్రెయిన్, ఒమన్ ముందే చేరాయి, యూఏఈ 2021 చివర్లో చేరింది. సౌదీ అరేబియా, కువైట్, శ్రీలంక, బంగ్లాదేశ్ మాత్రం చాలాకాలంగా బయటే ఉన్నాయి. చేరని దేశంలో నేరుగా అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి మీ సరుకు వెళ్లే దేశం పేరు వైపో వెబ్‌సైట్‌లోని సభ్యుల జాబితాలో ఉందో లేదో మొదట చూసుకోండి.

అసలు జాగ్రత్త ఇక్కడి దరఖాస్తులోనే

అంతర్జాతీయ దరఖాస్తు గాలిలో నిలబడదు. మన ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో మీకు ముందే ఒక దరఖాస్తు గానీ రిజిస్ట్రేషన్ గానీ ఉండాలి. దాన్ని మూల దరఖాస్తు అందాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి, పని ఆన్‌లైన్‌లోనే జరుగుతుంది. మూల దరఖాస్తులో ఉన్న పేరు, గుర్తు, సరుకుల జాబితా ఎలా ఉంటే అంతర్జాతీయ దరఖాస్తు కూడా అలాగే ఉండాలి. తర్వాత దిద్దుకుందాం అనుకుంటే కుదరదు. చిన్న సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది ఈ మెట్టు దగ్గరే.

మొదటిది, ఎవరి పేరున పెట్టారు? సంఘం కొత్తలో అధ్యక్షుడో, సీఈఓనో తన సొంత పేరున ట్రేడ్‌మార్క్ పెట్టేయడం మామూలే. "మనవాడే కదా" అనుకుంటారు. కానీ అంతర్జాతీయ దరఖాస్తు పెట్టేది సంఘమైతే మూల దరఖాస్తూ సంఘం పేరునే ఉండాలి. లేకపోతే ముందు బదలాయింపు పత్రం రాయించి, రిజిస్ట్రీలో నమోదు చేయించాలి. ఆ మనిషి సంఘంలో ఉండగానే, మాట మీద ఉండగానే ఈ పని పూర్తి చేసుకోండి.

రెండోది, ఏ అక్షరాల్లో పెట్టారు? ఒక అంతర్జాతీయ దరఖాస్తులో ఒకే గుర్తు ఉంటుంది. తెలుగు అక్షరాల లేబుల్‌ను ఇక్కడ నమోదు చేసి, ఎగుమతి ప్యాకెట్ మీద ఇంగ్లిష్‌లో పేరు వేస్తుంటే, బయట మీకు దొరికేది తెలుగు లేబుల్ మీద రక్షణే. ఎగుమతే లక్ష్యమైతే బొమ్మలు, రంగులు లేకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు ఒక్కదాన్నే పెట్టడం నా సలహా. లేబుల్ డిజైన్ రేపు మార్చుకున్నా పేరు మీద హక్కు అలాగే ఉంటుంది. తెలుగు గుర్తే పెట్టాలనుకుంటే దాని ఉచ్చారణను ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పక రాయాలి.

మూడోది, సరుకు ఏ క్లాసులో ఉంది? కారం, పసుపు, బియ్యం, కాఫీ పొడి, తేనె, బెల్లం 30వ క్లాసు. పచ్చళ్లు, వంటనూనెలు 29. తాజా మామిడిపండ్లు, కూరగాయలు, వడ్లు, విత్తనాలు 31. కారానికి మాత్రమే పేరు పెట్టుకుని తర్వాత ఆవకాయ పంపితే, ఆ ఆవకాయకు రక్షణ ఉండదు. అంతర్జాతీయ జాబితాను తగ్గించుకోవచ్చు గానీ మూల దరఖాస్తును మించి పెంచలేరు.

పేరు ఎంపికలోనూ ఒక మాట. "స్వచ్ఛమైన కారం" లాంటి వర్ణన పేర్లను, "గుంటూరు" వంటి ఊరి పేర్లను ఒక్కరి సొత్తుగా ఇవ్వడానికి చాలా దేశాలు ఒప్పుకోవు. సరుకుతో నేరుగా సంబంధం లేని పేరు గట్టిగా నిలుస్తుంది.

ఆరు నెలలు, అయిదేళ్లు

ఇక్కడ దరఖాస్తు పెట్టిన 6 నెలల లోపు అంతర్జాతీయ దరఖాస్తు పెడితే, బయటి దేశాల్లో కూడా మీకు ఇక్కడి తేదీయే లెక్కలోకి వస్తుంది. ఈ మధ్యలో ఎవరైనా అదే పేరుతో అక్కడ దరఖాస్తు పెట్టినా మీరే ముందువారు.

అయితే మొదటి 5 ఏళ్లూ అంతర్జాతీయ నమోదు మూల దరఖాస్తు మీదే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ దరఖాస్తు తిరస్కరణకు గురైనా, ఎవరైనా అభ్యంతరం పెట్టి రద్దు చేయించినా, అన్ని దేశాల్లోనూ రక్షణ పడిపోతుంది. అప్పుడు 3 నెలల లోపు ఆయా దేశాల్లో విడిగా దరఖాస్తులుగా మార్చుకుని పాత తేదీ నిలుపుకోవచ్చు, కానీ ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది. కొనుగోలుదారు ఖాయమై సరుకు వెళుతుంటే 6 నెలల లోపే పెట్టండి. ఇంకా మాటల్లోనే ఉంటే ఇక్కడి పరీక్ష నివేదిక వచ్చేదాకా ఆగి, అభ్యంతరాలు లేవని చూసుకుని పెట్టండి.

ఖర్చు ఎంత?

మూల దరఖాస్తుకు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు రూ.4,500. ఇది వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఉన్న ఫీజు, మిగతావారికి రూ.9,000. సంఘానికి ఉద్యమ్ నమోదు ఉంటే ముందే చూపించండి. అంతర్జాతీయ దరఖాస్తును ధ్రువీకరించి పంపినందుకు మన రిజిస్ట్రీకి రూ.5,000. వైపోకు కట్టే మూల ఫీజు నలుపు తెలుపు గుర్తుకు 653, రంగుల గుర్తుకు 903 స్విస్ ఫ్రాంకులు. ఫ్రాంకు వంద రూపాయలు దాటి ఉంది కాబట్టి తక్కువలో తక్కువ 65 వేల పైమాటే. దానికి తోడు ఎంచుకున్న ప్రతి దేశానికీ విడిగా ఫీజు: కొన్నిటికి 100 ఫ్రాంకులు, అమెరికా వంటివాటికి క్లాసుల లెక్కన అంతకు చాలా ఎక్కువ. వైపో వెబ్‌సైట్‌లోని ఫీజు కాలిక్యులేటర్‌లో దేశాలు, క్లాసులు నొక్కితే మొత్తం తెలుస్తుంది. ఫీజులు మారుతుంటాయి, కట్టే రోజున మళ్లీ చూడండి.

ఒక్క దేశానికే పంపేవాళ్లకు నేరుగా అక్కడే దరఖాస్తు పెట్టడం చవక పడవచ్చు, రెండూ లెక్కవేసుకోండి. మోజుకొద్దీ ఇరవై దేశాలు రాయకండి. సరుకు వెళ్లే రెండు మూడు దేశాలతో మొదలుపెట్టి, తర్వాత కొత్త దేశాలను అదే నమోదుకు కలుపుకోవచ్చు.

దరఖాస్తు వెళ్లాక

మన రిజిస్ట్రీ పరిశీలించి 2 నెలల లోపు వైపోకు పంపుతుంది. వైపో కాగితాలు సరిచూసి, నమోదు చేసి, ఆయా దేశాలకు తెలియజేస్తుంది. అప్పుడు మీకొక సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని చూసి పని అయిపోయిందనుకోకండి. ప్రతి దేశమూ తన చట్టం ప్రకారం పరీక్షించి, 12 నెలల్లో, కొన్ని దేశాలైతే 18 నెలల్లో అవునో కాదో చెబుతుంది. కాదంటే జవాబివ్వడానికి చాలాచోట్ల స్థానిక వకీలు కావాలి, ఆ ఖర్చు పై లెక్కలో లేదు. ఒక దేశం కాదన్నా మిగతా దేశాల్లో రక్షణ చెక్కుచెదరదు.

ఆ దేశంలో నమోదు కాకముందే ప్యాకెట్ మీద వృత్తంలో ఆర్ గుర్తు వేయకండి, కొన్ని దేశాల్లో అది నేరం. అమెరికాను ఎంచుకున్నవాళ్లు దరఖాస్తుతో పాటు ఆ పేరు వాడతామన్న ప్రకటన ఇవ్వాలి. రక్షణ వచ్చి 5 ఏళ్లు నిండాక, 6వ ఏడు ముగిసేలోగా, వాడుతున్నట్టు రుజువు కూడా నేరుగా అక్కడి కార్యాలయానికి పంపాలి. నమోదు 10 ఏళ్లు ఉంటుంది, పదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు.

దిగుమతిదారుతో రాసుకునే ఒప్పందంలో, బ్రాండు పేరు సంఘానిదేనని, అతను గానీ అతని బంధువులు గానీ ఆ పేరును ఎక్కడా నమోదు చేసుకోరాదని ఒక వాక్యం తప్పక రాయించండి. "మీకెందుకు శ్రమ, ఇక్కడ నేనే రిజిస్టర్ చేయిస్తా" అని ఎవరైనా అంటే, ఎవరి పేరున అని వెంటనే అడగండి.

దరఖాస్తులో సంఘం సొంత ఈమెయిల్ ఇవ్వండి, ఏజెంటుది ఒక్కటే ఇస్తే గడువుల కబురు మీదాకా రాదు. నమోదు వివరాలు బహిరంగంగా ప్రచురితమవుతాయి కాబట్టి, వాటిని చూసి వైపోను పోలిన పేర్లతో "ఇంత ఫీజు కట్టండి" అని బిల్లులు పంపే మోసగాళ్లున్నారు. అలాంటిదేదైనా వస్తే కట్టేముందు మీ ఏజెంటుకు గానీ రిజిస్ట్రీకి గానీ చూపించండి.