తెర వెనుక దీపము, నట్టింటి దీపము

పండుగ వచ్చుచున్నదనగానే ఇంటికి సున్నము వేయించి, గడపకు పసుపు పూసి, గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టి, వాకిట ముగ్గు పెట్టుట మన తల్లుల నాటి నుండియు, వారి తల్లుల నాటి నుండియు వచ్చుచున్న వాడుక. కోలారులో స్థిరపడినవారైనను, మధురలో స్థిరపడినవారైనను, బరంపురము, షోలాపురము, యానాములలో తరతరములుగ నున్నవారైనను ఈ వాడుకను విడువలేదు. అంగడిలో మాటలాడు భాష మారినది. బడిలో పిల్లలు దిద్దు అక్షరములు మారినవి. గడప మీది పసుపు మాత్రము నిలిచినది.

ఈ నడుమ మన ఇండ్ల ముందరి గదులలో మరియొక అలంకారము కనబడుచున్నది. గది మూలను ఒక దీపము. దాని చుట్టును ఇనుపతీగె చట్రమునకు బిగించి కుట్టిన మేకతోలు. ఆ తోలుపై ఎరుపు, ఆకుపచ్చ, నలుపు వన్నెలలో ఒక నెమలియో, పూలతీగెయో, కోదండము పట్టిన రాముడో. దీపము వెలిగించినంతనే బొమ్మ రంగులు కన్నులు విప్పినట్లగును. సన్నని చిల్లుల గుండ వెలుగు చుక్కలు చుక్కలుగ కానవచ్చును. హస్తకళల అంగడిలో చూచి ముచ్చటపడి కొని తెచ్చినవారు కలరు. బంధువులు కానుకగ నిచ్చినవి కలవు. వచ్చినవారందరు మెచ్చుకొందురు. కాని అది ఎక్కడి వస్తువు, ఎవరి చేతిపని, ఏ పనికై పుట్టి ఏ పనికి వచ్చినదని అడుగువారు తక్కువ. దాని కథ మనబోటి వలస కుటుంబముల కథకు మిక్కిలి దగ్గర. అందుచే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన ప్రాచీన గృహాలంకారము చాలవరకు చిన్న వెలుగునకు తగినట్లు ఏర్పడినది. ఆముదపు దీపమైనను, నువ్వులనూనె దీపమైనను ఇచ్చు వెలుగు కొద్దిపాటిది. గోడలో దీపపు గూడు, దేవుని యెదుట కుంది, నడవలో సెమ్మె, ఇంతియే ఇంటికి గల వెలుగు. ఆ కొద్ది వెలుగును వృథాగ పోనీయక తిరిగి గదిలోనికి పంపునది సున్నపు గోడ. దానిని పట్టి మెరయునది తోమిన ఇత్తడి. తంజావూరు చిత్రపటముల మీది బంగారు రేకును, రంగురాళ్లును పట్టపగటి ఎండలో కంటె, చీకటి పూజగదిలో దీపశిఖ కదలినపుడే జీవము పొందును. 1420 ప్రాంతమున విజయనగరమును చూచిన వెనీసు యాత్రికుడు నికోలో కోంటి, ఒక పండుగలో గుడుల లోపలను, కప్పుల మీదను లెక్కకు మిక్కిలిగ నూనెదీపములు పెట్టి రేయింబవళ్లు వెలిగింతురని తెలిపెను. చిన్న వెలుగులనే పెక్కింటిని చేర్చి శోభ కల్పించుట మనవారి పద్ధతి.

చిన్న వెలుగు, వన్నె, చిల్లుల అల్లిక, ఈ మూడింటిని ఒక్కచోట కూర్చిన కళ తోలుబొమ్మలాట. తెల్లని పంచెలను కలిపి కుట్టి తెరగ కట్టుదురు. తెర వెనుక ఆముదపు దీపములు వెలుగుచుండును. దీపమునకును తెరకును నడుమ బొమ్మను తెరకు ఆనించి ఆడింతురు. ఇతర దేశముల నీడబొమ్మలలో పెక్కు నల్లని ఛాయలు మాత్రమే చూపగా, తెలుగుదేశపు బొమ్మ రంగుల నీడను పఱచును. బొమ్మలు ఆకారమున పెద్దవి. ఇంచుమించు మనిషి యెత్తున నుండునవియు కలవు. భుజము, మోచేయి మొదలగు కీళ్లు విడివిడిగ కోసి, దారపు ముడులతో కూర్చుటచే చేతులు కదలును. హార్మోనియము, మృదంగము, తాళములు తోడుగ కుటుంబమంతయు తెర వెనుక నిలిచి పాడును. కథ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి నవ్వింతురు.

ఈ బొమ్మను చేయు విధము ఓర్పుతో కూడినది. మేకతోలును వేడినీట నానబెట్టి, వెండ్రుకలను, లోపలి మాంసపు పొరను గీకివేయుదురు. దానిని బిగలాగి ఆరబెట్టగా వెలుగు చొచ్చునంత పలుచన యగును. దానిపై రూపురేఖలు గీసి, పలు ఆకారముల ఉలులతో చిల్లులు కొట్టుదురు. ఈ చిల్లులే బొమ్మకు నగలు. కిరీటపు రాళ్లు, కంఠహారపు ముత్యములు, చీర అంచు మీది చుక్కలు రంగుతో కాక వెలుగుతో ఏర్పడును. పిదప తోలుకు రెండు ప్రక్కలను రంగు పూయుదురు. పూర్వము చెట్లనుండి తీసిన రంగులు వాడెడివారు. తరువాత అంగడి రంగులు వచ్చినవి. దేవతల బొమ్మలకు జింకతోలు శ్రేష్ఠమను భావము ఒకప్పుడు ఉండెడిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ఆ వాడుకకు తావు లేకపోయెను. నేడు మేకతోలే ప్రధానము.

ఈ కళ ప్రాచీనతకు సాహిత్యమున సాక్ష్యము కలదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తోలుబొమ్మలాటను పేర్కొనెను. పదమూడవ శతాబ్ది నాటిదని చెప్పబడు రంగనాథ రామాయణము ద్విపదలో నుండుటచే పాటకు అనుకూలమై ఈ ఆటగాండ్ర నోట తరతరములు నిలిచినది. పదునారవ శతాబ్దిలో అచ్యుత దేవరాయల కాలమున లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై వ్రాయబడిన చిత్రములను చూచినవారికి, పక్కవాటు ముఖములు, పెద్ద కన్నులు, చీరల మీది గళ్లు, చుక్కలు, లతల అంచులు తోలుబొమ్మలను జ్ఞప్తికి తెచ్చును. లేపాక్షియు, తోలుబొమ్మలకు పేరువడిన నిమ్మలకుంట గ్రామమును, పట్టుచీరల ధర్మవరమును, మూడును పూర్వపు అనంతపురము జిల్లాలోనివే. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడవి చేరియున్నవి. ఒకే సీమలో గుడికప్పున, నేతమగ్గమున, తోలుతెరమీద అల్లికలు ఇట్లు వర్ధిల్లినవి.

ఇక మన మనస్సును తాకు విషయమునకు వత్తము. నిమ్మలకుంట ఆటగాండ్ర ఇంటిభాష తెలుగు కాదు. వారు ఇంట మాటలాడునది మరాఠీ మాండలికము. పూర్వపు తెలుగులో మరాఠీవారిని ‘ఆరె’ యనెడివారు. ఆ పేరు వీరి భాషకును, కులనామమునకును అంటియున్నది. తరముల క్రిందట పడమటి నుండి వచ్చి తెలుగు సీమలో నిలిచినవారు వీరు. ఇంట పిల్లలను లాలించునది ఒక భాషలో. తెర వెనుక రాముని కథ పాడునది తెలుగులో. తెలుగు పద్యమును, ద్విపదను, సామెతను, హాస్యమును వీరు మనవారివలెనే కాదు, మనవారికొఱకు కాపాడిరి.

వీరి వంటివారు ఒక్క తెలుగుదేశముననే లేరు. కర్ణాటకమున తొగలు గొంబెయాట నాడించు కిళ్లేక్యాతలును మరాఠీ మాండలికము మాటలాడువారే. వారిలో భీమవ్వ దొడ్డబాళప్ప శిళ్లేక్యాతర 2025లో పద్మశ్రీ పురస్కారము నందినది. తమిళనాట తోల్పావైక్కూత్తు నాడించు మండికరులు మరాఠీ మాటలాడువారే. మహారాష్ట్రమున సింధుదుర్గ జిల్లా పింగుళి గ్రామపు ఠాకరులు తోలుబొమ్మలను ఆడింతురు. వారిలో పరశురామ ఆత్మారామ గంగావణే 2021లో పద్మశ్రీ నందెను. ఒరిస్సాలో రావణఛాయ అను ఆట కలదు. దాని బొమ్మలకు రంగు లేదు, కీళ్లు లేవు, ఛాయయే దాని అందము. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ నందెను. యానాము వారికి సమీపముననే, కాకినాడ దగ్గఱి మాధవపట్నములోను ఈ బొమ్మలు చేయు కుటుంబములు కలవు. మనము నిలిచిన ప్రతి సీమలోను ఈ దీపపు తెర ఏదో యొక రూపమున ఉన్నదన్నమాట.

మరాఠీవారు తెలుగుకు చేసిన సేవకు తంజావూరు మరియొక నిదర్శనము. 1676లో ఏకోజీ స్థాపించిన మరాఠా రాజ్యమున తెలుగు ఆస్థాన భాషగ వర్ధిల్లెను. ఏకోజీ కుమారుడగు శాహాజీ మహారాజు తానే తెలుగున యక్షగానములు రచించెను. అదే సీమలో బంగారు రేకుల చిత్రపటములు వ్రాసిన తంజావూరు, తిరుచిరాపల్లి రాజుల కుటుంబములును, మధుర నాయుడుల కుటుంబములును తెలుగు మాటలాడువారు. తెలుగు చిత్రకారుడు తమిళనాట మరాఠా ప్రభువునకు పటము వ్రాసెను. మరాఠీ ఆటగాడు రాయలసీమలో తెలుగు రైతునకు రామాయణము చూపెను. వచ్చినవారు ఉన్న ఊరికి ఋణపడుటయే కాదు, ఉన్న ఊరిని ఋణపఱచుటయు కలదని ఈ రెండు ఉదాహరణలు చెప్పుచున్నవి. దూరప్రాంతములలో అల్పసంఖ్యాకులుగ బ్రదుకు మనము ఈ మాటను మరువరాదు.

మరి ఈ బొమ్మ ఆటతెరను విడిచి దీపపు తెరగ ఎట్లు మారినది? పూర్వము శివరాత్రి జాగరణకును, జాతరలకును, వానలు పడని యేట వానకొఱకును గ్రామములు ఆటగాండ్రను పిలిపించెడివి. ఆట రాత్రియెల్ల సాగెడిది. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చెను. పిదప ఊరూర చిత్రశాలలు, మఱికొంత కాలమునకు ఇంటింట టెలివిజను వచ్చినవి. రాముడు మరియొక తెరపై కనబడసాగెను. ఆటకు పిలుపులు తగ్గినవి. ఆముదపు దీపము పోయి పెట్రోమాక్సును, దాని వెనుక విద్యుద్దీపమును వచ్చినవి. చూచువారు మాత్రము లేచిపోయిరి. 1952లో అఖిల భారత హస్తకళా మండలి ఏర్పడి, కమలాదేవి చట్టోపాధ్యాయ అధ్యక్షతన చేతిపనుల రక్షణకు పూనుకొన్న కాలమది. గత శతాబ్ది ఉత్తరార్ధమున ఆటగాండ్ర కుటుంబములు తమ ఉలిని, తమ తోలును, తమ రంగును విడువక, దీపపు తొడుగులు, గోడపటములు, గది నడుమ మఱుగు తెరలు, చెవి ఆభరణములు చేయ మొదలిడిరి. భౌగోళిక సూచిక గుర్తింపును ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు లభించినది.

ఇందు లాభమేమి, నష్టమేమి యని తూచి చూడవలసియున్నది. లాభము ప్రత్యక్షము. ఆటచే పూట గడవని ఇల్లు దీపపు తొడుగుచే గడచినది. మగవారితోపాటు స్త్రీలును ఉలి పట్టి సంపాదించిరి. పిల్లలకు చేతిపని అబ్బినది. నష్టమును కప్పిపుచ్చరాదు. దీపపు తొడుగు మీది రాముని చేతికి కీలు లేదు. ఆ చేయి కదలదు. పద్యము లేదు, తాళము లేదు, కేతిగాని పరిహాసము లేదు. ఉలి తండ్రి నుండి కుమారునికి వచ్చినది గాని, రాత్రియెల్ల పాడు కంఠము అంత సులభముగ రాలేదు. కొన్ని కుటుంబములలో బొమ్మ జీర్ణమైనపుడు దానిని మనిషికి చేసినట్లు ఏటిలో విడుచు ఆచారముండెడిది. దీపపు తొడుగు చినిగినపుడు దానిని ఎవరును ఏటికి కొనిపోరు. వస్తువు నిలిచినది, దానియందలి ప్రాణి భావము సన్నగిల్లినది.

అయినను నేను ఈ దీపమును నిందింపజాలను. మనమును ఇట్టి మార్పునకు లోబడినవారమే. మన తాతల నోట నిండుగ నుండిన భాష మన పిల్లల నోట వంటింటి మాటలుగను, పెండ్లిపాటలుగను, వావి వరుసల పిలుపులుగను మిగిలినది. తక్కువైనదని మిగిలినదానిని పారవేయుదుమా? మిగిలినదే మరల చిగిర్చుటకు ఆధారము. తొడుగు మీది బొమ్మయు అట్టిదే.

కనుక ఇంట ఈ దీపము పెట్టుకొనువారికి కొన్ని మాటలు. ఇది చిన్న వెలుగుకై పుట్టిన వస్తువు. గది నిండ తెల్లని వెలుగు వెదజల్లి దీని ప్రక్కన వెలిగించినచో దీని అందము చచ్చును. పెద్ద దీపములను ఆర్పి, సాయంసమయమున ఒక మూల దీనిని మాత్రమే వెలిగించవలెను. వెనుకనున్న గోడ వట్టి తెలుపుగ గాని, లేత వన్నెగ గాని ఉండుట మేలు; గోడమీద మరియొక అల్లిక యున్నచో రెండును పోరాడును. పూర్వపు తీగె బల్బు వేడికి తోలు ఎండి ముడుచుకొనును. వేడి తక్కువగల ఎల్.ఇ.డి. దీపము, అందును పసుపువన్నె వెలుగు నిచ్చునది, దీనికి హితము. తోలుకు తడి శత్రువు. తడిగుడ్డతో తుడువక పొడిగుడ్డతో దుమ్ము దులుపవలెను. వానకాలమున చెమ్మగోడకు దూరముగ నుంచవలెను. కొనునపుడు చిల్లులను వేలితో తడవి చూడుడు. చిల్లులు నిజముగ కొట్టినవా, కాగితముపై అచ్చు వేసినవా యని తెలిసిపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. దీపము వెలిగించిన సాయంకాలము పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, ఆ బొమ్మ ఎవరిదో చెప్పుడు. హనుమంతుడైనచో లంకకు ఎట్లు దాటెనో, సీతయైనచో అశోకవనమున ఎట్లు వేచెనో, మీకు వచ్చిన తెలుగులోనే చెప్పుడు. మాట తడబడినను పరవాలేదు. మరాఠీ మాటలాడు ఇండ్లవారు అన్ని తరములు తెలుగున ఈ కథను పాడగా, తెలుగు మాటలాడు ఇండ్లవారు ఒక్క సాయంకాలము చెప్పలేరా? ఆ కథ వినబడినంతసేపును నట్టింటి గోడయే తెర; మీ కంఠమే ఆటగాని కంఠము. కీలు లేని ఆ చేయి పిల్లల కన్నులలో కదలును.