పాతబస్తీ ఇల్లు – చలికాలపు మరమ్మతు: కట్టడాన్ని చరిత్ర ఆధారంగా చదవడం

1. పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, దస్తావేజులు గుర్తుకు వస్తాయి. మనుషులు నివసిస్తున్న పాత ఇల్లు కూడా ఒక ఆధారమే. అయితే అది ఏటా వానకు తడుస్తుంది, ఎండకు బీటలు వారుతుంది, మరమ్మతు కోరుతుంది. మరమ్మతు చేయకపోతే ఇల్లు కూలుతుంది. తప్పుగా చేస్తే ఇల్లు నిలిచినా అందులోని ఆధారం చెరిగిపోతుంది. ఈ సమస్యను హైదరాబాద్ పాతబస్తీ ఇళ్ళ ఉదాహరణతో పరిశీలిద్దాం.

2. ఇంట్లో కనిపించే కాలక్రమం

హైదరాబాద్ నగరం 1591లో ఏర్పడింది. పాతబస్తీలో నేడు మిగిలిన పాత ఇళ్ళు చాలావరకు అసఫ్‌జాహీల పాలన మలి దశకు చెందినవి. రాయి లేదా ఇటుక గోడలు, సున్నపు గచ్చు, టేకు దూలాలపై మిద్దె, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి వీటి సామాన్య లక్షణాలు. ఉన్నత కుటుంబాల విశాల భవనాలను దేవిడీలు అంటారు.

ఇలాంటి ఇంటిని చదివేటప్పుడు కొన్ని తేదీలు ఉపయోగపడతాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. నదికి దగ్గరగా ఉన్న ఇంట్లో గోడ కింది భాగం ఒక రకంగా, పై భాగం మరో రకంగా ఉంటే వరద తర్వాత జరిగిన పునర్నిర్మాణాన్ని అనుమానించవచ్చు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి వీధుల విస్తరణ చేపట్టింది. వీధి వెడల్పు చేసిన చోట ముందు గోడ కొత్తదిగా, లోపలి గదులు పాతవిగా ఉండవచ్చు. దస్తావేజుల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే దానికి సుమారు 590 కలిపి క్రీస్తు శకానికి మార్చుకోవాలి. గోడ చెప్పిన దానిని దస్తావేజుతో సరిపోల్చిన తర్వాతే నిర్ధారణకు రావాలి.

3. సున్నం పనికి చలికాలం ఎందుకు?

సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటితో విరిచి, ఇసుక కలిపి గానుగలో నూరితే డంగు సున్నం తయారవుతుంది. ఎద్దులు రాతి చక్రాన్ని తిప్పే గానుగలు పూర్వం ఇందుకు వాడేవారు. బెల్లం, కరక్కాయ నీరు కలిపే ఆచారం కూడా ఉంది. గోడకు పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, తిరిగి రాయి స్వభావాన్ని పొందుతుంది. దీనికి తేమ కావాలి, సమయం కావాలి.

వేసవిలో హైదరాబాద్ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండకు పూతలోని నీరు త్వరగా ఆవిరై, సున్నం పొడిగా రాలుతుంది. వానాకాలంలో తడి గోడ ఆరదు, పచ్చి పూత కొట్టుకుపోతుంది. అందువల్ల నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పని అనుకూలం. ఇంగ్లండ్ వంటి శీతల దేశాల్లో ఇందుకు భిన్నంగా, మంచు గడ్డకట్టి పూత పగులుతుందని చలికాలంలో సున్నం పని ఆపుతారు. అంటే పని క్యాలెండరును కూడా స్థానిక వాతావరణమే నిర్ణయిస్తుంది.

4. పని క్రమం

వానలు వెనుదిరగగానే గోడలపై తడి చారలు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడే ఇల్లంతా పరిశీలించి, కొలతలు, ఫొటోలు తీసుకోవాలి. పాత వెల్లపొరలను చిన్న ముక్కగా గీకి, రంగుల వరుసను నమోదు చేయాలి. ఆ తర్వాత ముందుగా మిద్దె బాగుచేయాలి. పైనుంచి నీరు కారుతుండగా గోడకు పూత వేసి ప్రయోజనం లేదు. తర్వాత దూలాలు, గోడల సందులు, చివరగా పూత, వెల్ల. ఒక్కో పొరకు రోజుల తరబడి వ్యవధి ఇస్తూ, తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి.

5. సిమెంటు తెచ్చిన చిక్కు

పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండ్‌లో పేటెంటు లభించింది. భారతదేశంలో 1914లో పోర్‌బందర్‌లో ఉత్పత్తి మొదలైంది. త్వరగా గట్టిపడుతుంది కాబట్టి పాత ఇళ్ళ మరమ్మతుకూ దానినే వాడసాగారు. కానీ మెత్తని సున్నపు గోడపై సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాదు. ఉప్పు పేరుకొని ఇటుక రాలిపోతుంది. కొన్నేళ్ళకు ‘ఇల్లు పాడైంది, పడగొట్టాలి’ అంటారు. చాలా సందర్భాల్లో పాడుచేసింది వయసు కాదు, మరమ్మతు.

తెలంగాణ వారసత్వ చట్టం 2017లో వచ్చింది. అయితే సామాన్యుల ఇళ్ళు ఏ రక్షిత జాబితాలోనూ ఉండవు. వాటి భవిష్యత్తు నాలుగు నెలలు ఇబ్బంది పడి ఓపిక పట్టగల కుటుంబంపై, సున్నం పని తెలిసిన మేస్త్రీపై ఆధారపడి ఉంది. రాజభవనాలు మాత్రమే మిగిలితే రేపటి చరిత్రకారునికి పాలకుల జీవితమే తెలుస్తుంది. గుమాస్తా, వర్తకుడు, చేతిపనివాడు ఎలా జీవించారో చెప్పే ఆధారం ఉండదు.

6. సారాంశం

పాత ఇల్లు పొరలుగా రాసిన చరిత్ర పత్రం. దాని మరమ్మతుకు ముందు నమోదు, తగిన పదార్థం, తగిన రుతువు అవసరం. దక్కనులో సున్నం పనికి చలికాలం అనుకూలమైనది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హైదరాబాద్‌లో సున్నం పనికి చలికాలం ఎందుకు అనుకూలం?
2. 1908, 1912 సంవత్సరాల ఘటనలు ఒక ఇంటి గోడలపై ఏ జాడలు వదలి ఉండవచ్చు?
3. మీ ఊళ్ళోని ఒక పాత ఇంటిని పరిశీలించి, అందులో కనిపించే మార్పులను కాలక్రమంలో ఒక పుటలో రాయండి.