క్వార్టర్ నుంచి స్వగృహం దాకా: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో మధ్యాదాయ గృహవసతి

నెలజీతంపై ఆధారపడిన ఉద్యోగి గృహపథకాలలో నడుమ నిలిచిపోయినవాడు. పేదలకు ఉద్దేశించిన ఇంటికి అతని ఆదాయం ఎక్కువ. బహిరంగ విపణిలో స్థలం కొని ఇల్లు కట్టుకోవడానికి తక్కువ. ఈ వర్గాన్ని కేంద్ర ప్రభుత్వం 1954 నాటి అల్పాదాయ, 1959 నాటి మధ్యాదాయ వర్గాల గృహపథకాలలో గుర్తించింది. అయితే ఆ గుర్తింపు ప్రధానంగా రుణసహాయ రూపంలోనే సాగింది. దక్షిణ తెలంగాణలో ఈ వర్గపు గృహవసతి రెండు భిన్నమైన మార్గాలలో నడిచింది.

మొదటిది ప్రాజెక్టు క్వార్టర్. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిన తరువాత, నల్లగొండ జిల్లా వైపు ఒడ్డున పైలాన్ కాలనీ, హిల్ కాలనీ వెలిశాయి. పట్టణాలకు దూరమైన ఆ కొండల నడుమ అద్దె ఇళ్ల విపణి లేదు. కనుక సిబ్బందికి ఇల్లు సమకూర్చడం నిర్మాణ కార్యక్రమంలో భాగమైంది. అక్కడ ఇంటి పరిమాణాన్ని హోదా నిర్ణయించింది. నివాసహక్కును ఉద్యోగం నిర్ణయించింది. బదిలీతోనో, పదవీ విరమణతోనో ఆ హక్కు ముగిసేది. ఇల్లు చౌకే, కానీ శాశ్వతం కాదు.

రెండవది స్వగృహం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఏర్పడిన రాజీవ్ స్వగృహ కార్పొరేషన్ మధ్యాదాయ వర్గానికి విపణి ధరకంటే తక్కువకు సొంత ఇల్లు ఇస్తామని హామీ ఇచ్చింది. హైదరాబాదు విస్తరణతో విజయవాడ, బెంగళూరు రహదారుల వెంట భూమి విలువ పెరుగుతున్న కాలమది. నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లి మండలంలో శ్రీవల్లి, మహబూబ్‌నగర్ జిల్లా భూత్పూర్ మండలం పోతులమడుగులో సారిక టౌన్‌షిప్‌లు తలపెట్టారు. కానీ నిర్మాణవ్యయాన్ని, రుణాలపై వడ్డీని కొనుగోలుదారుల నుంచే రాబట్టవలసి వచ్చింది. జాప్యం పెరిగినకొద్దీ ధర పెరిగింది. ధర పెరిగినకొద్దీ దరఖాస్తుదారులు వెనుదిరిగారు. చివరకు 2022లో ఈ టౌన్‌షిప్‌ల ఆస్తులు బహిరంగ వేలానికి వచ్చాయి. వేలంలో అర్హతను నిర్ణయించేది ఆదాయవర్గం కాదు, పాడిన పాట. మధ్యాదాయ వర్గానికి కేటాయించిన భూమి ఆ వర్గాన్ని దూరంగా ఉంచిన విపణికే తిరిగి చేరింది.

క్వార్టర్ అందుబాటును ఇచ్చి స్థిరత్వాన్ని ఇవ్వలేదు. స్వగృహం స్థిరత్వాన్ని వాగ్దానం చేసి అందుబాటును నిలుపుకోలేకపోయింది. 1960లో ఏర్పడిన సింగపూర్ గృహనిర్మాణ మండలి ఈ రెంటినీ కలపడానికి వేరొక దారి ఎంచుకుంది: ఇంటిని 99 ఏళ్ల లీజుపై అమ్మి, భూమిని ప్రభుత్వం చేతిలోనే ఉంచుకుంది. ఆ చిన్న నగరరాజ్యపు పద్ధతి తెలంగాణకు యథాతథంగా వర్తించదు. అయినా ఇంటి ధరను భూమి ధర నుంచి వేరుచేయకుండా మధ్యాదాయ గృహవసతి నిలబడదన్న సత్యాన్ని సారిక, శ్రీవల్లి టౌన్‌షిప్‌ల చరిత్ర కూడా రూఢిపరుస్తున్నది.