పిల్లల పేగుల ఆరోగ్యం – మేలుచేసే బాక్టీరియా పాత్ర

వేళకు అన్నం పెడుతున్నప్పటికీ బిడ్డ బరువు పెరగకపోవుటకు ఆహారలోపం ఒక్కటే కారణం కాదు. పేగుల లోపలి పొర వాచి ఉన్నచో తిన్న ఆహారంలోని పోషకాలు ఒంటికి పట్టవు. ఈ వాపును అదుపులో ఉంచుటలో పేగులలోని మేలుచేసే బాక్టీరియా పాత్ర కీలకమైనది.

వాపునకు కారణాలు

చిన్నపేగు గోడపై గల సన్నని చూషకాలు పోషకాలను గ్రహిస్తాయి. కలుషిత నీరు, మట్టి, అశుభ్రమైన చేతుల ద్వారా హానికర క్రిములు మాటిమాటికీ లోనికి చేరినచో చూషకాలు కురుచబారి, పేగు గోడ బిగువు సడలుతుంది. విరేచనాలు లేకున్నా ఈ స్థితి నెలల తరబడి కొనసాగి, బిడ్డ ఎదుగుదలను కుంటుపరచవచ్చు.

2008లో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన పిదప తుక్కుగూడ వంటి పరిసర గ్రామాలు పట్టణరూపం దాల్చాయి. ఇటువంటి ప్రాంతాలలో నిర్మాణ పనులకై వచ్చి తాత్కాలిక నివాసాలలో ఉండే కుటుంబాలు పిల్లల తాగునీరు, పరిశుభ్రత పట్ల ప్రత్యేక శ్రద్ధ వహించాలి.

బాక్టీరియా చేసే మేలు

తల్లిపాలలోని కొన్ని చక్కెరలు శిశువుకు జీర్ణం కావు. అవి బైఫిడోబాక్టీరియాకు ఆహారమవుతాయి. ఆ బాక్టీరియా ఆమ్లాలను ఉత్పత్తి చేసి హానికర క్రిములను అడ్డుకుంటాయి. తరువాతి వయస్సులో ధాన్యాలు, కూరలలోని పీచు నుండి బాక్టీరియా తయారుచేసే బ్యుటిరేట్ పెద్దపేగు కణాలకు శక్తినిచ్చి వాపును తగ్గిస్తుంది.

పొరుగున గల ఒడిశా గ్రామాలలో 4,556 మంది నవజాత శిశువులపై జరిపిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ బాక్టీరియాను, దానికి ఆహారమయ్యే చక్కెరను కలిపి 7 రోజులు ఇచ్చిన శిశువులలో తీవ్ర ఇన్‌ఫెక్షన్, మరణం కలిపి 40 శాతం తగ్గాయి. అయితే అన్ని బాక్టీరియా మందులకు ఈ ఫలితం వర్తించదు. వైద్యుని సలహా లేనిదే వాటిని వాడరాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

• 6 నెలల వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. తదుపరి తల్లిపాలతో పాటు జొన్న, రాగి, పప్పు, ఆకుకూరలు, పెరుగు అలవాటు చేయాలి.
• విరేచనాలైనచో ఓ.ఆర్.ఎస్. ద్రావణం తాగించాలి. వైద్య సిబ్బంది సూచించిన జింకు మాత్రలను 14 రోజులు వాడాలి.
• యాంటీబయాటిక్ మందులు మేలుచేసే బాక్టీరియాను సైతం నశింపజేస్తాయి. మందుల దుకాణంలో అడిగి కొని వాడరాదు.
• 6, 10, 14 వారాల వయస్సులో రోటావైరస్ టీకా వేయించాలి.
• మలంలో రక్తం, వారాల తరబడి విరేచనాలు, బరువు తగ్గుట కనిపించినచో క్రోన్స్ వంటి దీర్ఘకాలిక పేగు వ్యాధి ఉండే అవకాశం కలదు. జాప్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

ప్రతి నెల అంగన్‌వాడీ కేంద్రంలో బిడ్డ బరువు తూయించి నమోదు చేయించినచో లోపాన్ని తొలిదశలోనే గుర్తించవచ్చు.