ఆసనవిద్యలో అంగముల పొందిక



తాపీపనివాడు గోడ లేపునపుడు గుండు కట్టిన దారమును వ్రేలాడదీసి నిలువు చూచుకొనును. అడుగు వరుస తప్పిన గోడ పైకి పోయినకొలది ఒరుగును. మన దేహమును అట్టిదే. ఆసనము నేర్పువారు అంగముల పొందికను ఇంతగా పట్టించుకొనుట ఎప్పటినుండి వచ్చినదో నేడు విచారింతము.

ధ్యానమునకు గూర్చుండువాడు మొండెమును, మెడను, శిరస్సును సమముగ నిలుపవలెనని భగవద్గీత ఆరవ అధ్యాయమున కలదు. పతంజలి ఆసనమునకు స్థిరత్వము, సుఖము అను రెండు లక్షణములనే చెప్పెను. 15వ శతాబ్దమున స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపికలో 15 ఆసనములు కలవు. వానిలో కూర్చుండి వేయునవే పెక్కు. నిలిచి వేయు ఆసనములలో పాదము లెటు తిరుగవలెనో ఈ గ్రంథములు విస్తరింపలేదు.

ఆ విస్తరణము 20వ శతాబ్దమున జరిగినది. 1933లో తిరుమలై కృష్ణమాచార్యులు మైసూరు జగన్మోహన ప్రాసాదమున యోగశాల నడపసాగిరి. వారి బావమరది బి.కె.ఎస్. అయ్యంగారు 1918లో బెళ్లూరున జన్మించి, బాల్యమున మలేరియా, టైఫాయిడు, క్షయలచే కృశించినవారు. 1934లో బావగారి చెంత జేరి, 1937లో పూనాకు బోయి బోధింపసాగిరి. వ్యాధిపీడితమైన తమ దేహమునే పరీక్షించుకొనుచు కీళ్ల పొందికను దిద్దిరి. త్రికోణాసనమున ముందరి మడమ వెనుకటి పాదపు నడిమి వంపునకు సూటిగ నుండవలెను. మోకాలిచిప్ప వ్రేళ్లవైపే చూడవలెను. లేనిచో కీలు మెలిపడును. వంగలేనివారికి చెక్కదిమ్మ, త్రాడు, కుర్చీ ఊతముగ నిచ్చిరి. 1966లో వెలువడిన వారి 'లైట్ ఆన్ యోగ' 200 ఆసనములను చిత్రములతో దేశదేశములకు చేర్చెను.

నా తప్పొకటి చెప్పుకొందును. బడిలో డ్రిల్లు చేయించు దినములలో, మోకాళ్లు మడువక కాలివ్రేళ్ల నంటుమని ఒక బాలుని గద్దించితిని. వాడు నడుము పట్టి పది దినములు మంచమెక్కెను. నాడు నేను పిల్లల వరుస చక్కగ నున్నదా యని చూచితినే కాని, వాని వెన్నును చూడనైతిని.

పొందిక యనగా అందరిని ఒక మూసలో పోయుట కాదు. ఎవరి యెముకకు దగిన నిలుకడను వారికి జూపుట. రచ్చబండపై గూర్చుండునపుడు కంబళి మడిచి పిరుదుల క్రింద నుంచుకొనుడు. వెన్ను తనంత లేచును. మనుమలకు నేర్పునపుడు ముందు చూడుడు, పిదప దిద్దుడు.

సెలవు.