వచ్చే చలికాలం ఎవరిది?

స్నోబోర్డింగ్ డబ్బున్నవాళ్ళ ఆట అని మనలో చాలామంది అభిప్రాయం. ఒలింపిక్స్‌లో చూస్తాం, అమెరికాలో ఉన్న కజిన్ పెట్టిన ఫోటోల్లో చూస్తాం. ఇవాళ్టి సంగతి అయితే అది చాలావరకు నిజమే. కానీ ఈ ఆట అలా పుట్టలేదు. అరవై ఏళ్ళలో దీని ఖర్చు ఎలా మారుతూ వచ్చిందో చూస్తుంటే, పెరిగింది ధర ఒక్కటే కాదనిపిస్తుంది నాకు. అసలు అడిగే ప్రశ్నే మారిపోయింది.

1965 క్రిస్మస్ రోజు, మిషిగన్ రాష్ట్రంలోని మస్కీగన్ ఊళ్ళో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన కూతుళ్ళని బయట ఆడించడానికి రెండు స్కీలని పక్కపక్కన పెట్టి బిగించాడు. పిల్లలు దాని మీద నిలబడి వాలు మీంచి జారారు. ఆయన భార్య నాన్సీ స్నో, సర్ఫ్ అనే రెండు మాటలు కలిపి దానికి 'స్నర్ఫర్' అని పేరు పెట్టింది. బౌలింగ్ సామాను తయారుచేసే బ్రన్స్‌విక్ కంపెనీ హక్కులు తీసుకుని వీటిని మార్కెట్లోకి తెచ్చింది. ఖరీదు పదీ పదిహేను డాలర్లు. ముందు కొసకి పట్టుకోవడానికి ఒక తాడు, అంతే. పదేళ్ళలో ఇంచుమించు పది లక్షలు అమ్ముడయ్యాయని లెక్క. రిసార్టు అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు. ఊరి పక్కన ఒక దిబ్బ, దాని మీద ఇంత మంచు ఉంటే చాలు.

ఆ బొమ్మతో పద్నాలుగో ఏట ఆడుకున్న కుర్రాడు జేక్ బర్టన్ కార్పెంటర్. చదువయ్యాక న్యూయార్క్‌లో మంచి ఉద్యోగమే దొరికింది. 1977లో అది వదిలేసి వెర్మాంట్‌లోని లండన్‌డెరీకి వెళ్ళి, పలకలు చెయ్యడం మొదలుపెట్టాడు. రాత్రిళ్ళు బార్‌లో పని, ఎండాకాలంలో టెన్నిస్ నేర్పడం, మిగతా టైమంతా పలకలు చెక్కడం. వాటిలో ఒక రకం ధర 88 డాలర్లు. అమెరికాలో అప్పటి కనీస వేతనం గంటకి 2 డాలర్ల 65 సెంట్లు. అంటే హోటల్లో గిన్నెలు కడిగే కుర్రాడు 33 గంటలు పనిచేస్తే పలక వచ్చేస్తుంది. బొమ్మ ధర కాదు, నిజమే. అయినా వారం జీతంతో తేలిపోయే ఖర్చు.

ఆ తర్వాత పైసా ఖర్చు లేదు. ఎందుకంటే రిసార్టులు వీళ్ళని లోపలికే రానిచ్చేవి కావు. ప్రమాదాలు జరుగుతాయని, ఇన్సూరెన్స్ ఒప్పుకోదని, స్కీయింగ్‌కి వచ్చే పెద్దమనుషులకి ఇబ్బందని రకరకాల కారణాలు చెప్పేవాళ్ళు. దాంతో పలకని భుజాన వేసుకుని కొండెక్కడం, జారి రావడం, మళ్ళీ ఎక్కడం. 1982లో వెర్మాంట్‌లోని సూసైడ్ సిక్స్ అనే చిన్న కొండ మీద జాతీయ పోటీ జరిగింది. మరుసటి ఏడాది స్ట్రాటన్ లాంటి పెద్ద రిసార్టు తలుపు తీసింది. 1998లో నగానో ఒలింపిక్స్‌కి చేరేసరికి, ఈ పిల్లలు లేకపోతే తమ వ్యాపారం నడవదని రిసార్టులకి అర్థమైపోయింది. ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్ అనే మూడు చోట్ల మాత్రం ఇప్పటికీ స్నోబోర్డులకి ప్రవేశం లేదు.

రిసార్టు గేటు దాటాక స్నోబోర్డుకీ స్కీకీ ఒకటే టికెట్. ఇక్కణ్ణించి లెక్క వేరు.

కొలరాడోలోని వేయిల్ రిసార్టు 1962 డిసెంబర్లో తెరిచినప్పుడు రోజు టికెట్ 5 డాలర్లు. అప్పటి కనీస వేతనం గంటకి 1 డాలర్ 15 సెంట్లు. నాలుగున్నర గంటలు పనిచేస్తే ఒక రోజంతా కొండ మీద గడపొచ్చు. అదే వేయిల్‌లో ఈమధ్య రద్దీ రోజుల్లో టికెట్ 300 డాలర్లు దాటింది. కొలరాడోలో 2025 కనీస వేతనం 14 డాలర్ల 81 సెంట్లు. అంటే ఇరవై గంటలు పైమాటే. ఒక రోజు ఆటకి రెండున్నర రోజుల పని. బూట్లు, బట్టలు, పలక అద్దె, పెట్రోలు, గది, తిండి ఇంకా లెక్కలోకి రాలేదు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. 1998లో ఐడహోలోని బోగస్ బేసిన్ అనే రిసార్టు, 500 డాలర్ల దాకా ఉన్న సీజన్ పాస్‌ని ఒక్కసారిగా 199కి దించింది. జనం ఎగబడి కొన్నారు. అదే ఏడాది కొలరాడోలో నలుగురు కలిసి కొంటే తలా 200 డాలర్లకి పాస్ వచ్చింది. 2008లో వేయిల్ కంపెనీ ఎపిక్ పాస్ తెచ్చింది. 579 డాలర్లు కడితే కంపెనీ రిసార్టుల్లో సీజనంతా ఎన్ని రోజులైనా వెళ్ళొచ్చు. ఇప్పుడు ఆ పాస్ వెయ్యి డాలర్లు దాటింది. అయినా నాలుగు రోజులు వెళితే గిట్టిపోతుంది.

మరి రోజు టికెట్ అంత ఎందుకు? దాన్ని చూసి భయపడి జనం పాస్ కొనాలని. పాస్‌లు వసంతంలోనే అమ్మకానికి వస్తాయి, డిసెంబర్ మొదట్లో ఆపేస్తారు. మంచు పడినా పడకపోయినా డబ్బు ముందే చేతికొస్తుంది. జనం చేత ముందుగా కొనిపించడమే తమ పద్ధతి అని కంపెనీ దాచుకోకుండా చెబుతుంది. వాతావరణం మీద పెట్టిన పందెం ఇదివరకు రిసార్టుది. ఇప్పుడది కొనేవాళ్ళ మీదకి వచ్చి పడింది.

అందుకే ప్రశ్న మారిందన్నాను. వెనక 'నీ దగ్గర ఎంత ఉంది?' అనేవాళ్ళు. ఇప్పుడు 'వచ్చే చలికాలం నీ చేతిలో ఉందా?' అని అడుగుతున్నారు. సెలవులు ఎప్పుడో ఏప్రిల్లోనే తెలిసినవాడికి ఈ ఆట చవక. షిఫ్టులు వారం వారం మారే నర్సుకి, ఫిబ్రవరిలో ఒక్క ఆదివారం ఖాళీ దొరికిన మెకానిక్‌కి ఖరీదు. తక్కువ ఉన్నవాడు ఎక్కువ కట్టడం అంటే ఇదే.

కొందరు ఈ లెక్కని తలకిందులు చేసి గెలుస్తారు. చలికాలమంతా లిఫ్టుల దగ్గరో వంటగదిలోనో పనిచేసి, ఉద్యోగంతోపాటు వచ్చే పాస్‌తో జారే కుర్రకారు ఎప్పటినుంచో ఉన్నారు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమంటారు మనవాళ్ళు. వీళ్ళు కాళ్ళు ముడుచుకోలేదు, వెళ్ళి దుప్పటి అల్లేవాడి ఇంట్లోనే పనికి కుదిరారు. కానీ కొండ కింద అద్దెలు పెరిగాక ఆ దారి కూడా ఇరుకైంది. వేయిల్‌లో పనిచేసేవాళ్ళు కొందరు కనుమ దాటి లెడ్‌విల్ నుంచి రోజూ రావాల్సి వస్తోంది. 2024 డిసెంబర్ చివర్లో యూటాలోని పార్క్ సిటీలో మంచు గస్తీ సిబ్బంది సమ్మెకి దిగారు. వాళ్ళు అడిగింది ఏమిటంటే, మొదటి జీతం గంటకి 21 నుంచి 23 డాలర్లకి పెంచమని. పండగ సీజన్లో దాదాపు రెండు వారాలు పట్టుబడితే తప్ప రాలేదు.

ఇంకో రకం లెక్కా ఉంది. కొరియా నుంచి అమెరికా వలస వచ్చిన ఒక తండ్రి, కూతురి కోసం ఇంజనీరు ఉద్యోగం మానేసి, లాస్ ఏంజలెస్ పక్కనుంచి మామత్ కొండ దాకా గంటల తరబడి కారు నడిపాడు. ఆ కూతురు క్లోయీ కిమ్. 2018లో పదిహేడేళ్ళకే ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. గెలిచింది కాబట్టి దాన్ని త్యాగం అంటున్నాం. గెలవకపోతే దుబారా అనేవాళ్ళం, ఇంకా మాట్లాడితే పిచ్చి అనేవాళ్ళం.

దుబారా అనే మాట దగ్గర నాకు మనవాళ్ళు గుర్తొస్తారు. సియాటిల్‌లోనో డెన్వర్‌లోనో ఉన్న తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలకి ఈ పాస్ కొనడం పెద్ద కష్టం కాదు. అయినా చాలామంది ఏడాదికోసారి కొండకి వెళ్ళి, ట్యూబులో జారి, ఫోటో దిగి వచ్చేస్తారు. పిసినారితనం అని వెక్కిరించడం తేలిక. నాకలా అనిపించదు. కూకట్‌పల్లి ఫ్లాట్ వాయిదా, అమ్మానాన్నల వైద్యం, తమ్ముడి చదువు వరసలో ముందుంటాయి. వీటన్నిటికన్నా ముందు వీసా ఉంటుంది. లేఆఫ్ వస్తే అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కోవాల్సిన మనిషిని, వచ్చే జనవరి ఆటకి ఏప్రిల్లో డబ్బు కట్టమంటే ఏం చేస్తాడు? జీతం ఉంది. చలికాలం మీద నమ్మకం లేదు.

మనిషి దేనికి ఖర్చు పెడతాడో చూస్తే వాడికి ఏది ముఖ్యమో తెలుస్తుందంటారు. సగమే నిజం అనుకుంటాను. ముందు చూపుతో ఖర్చు పెట్టడానికి ముందు రోజులు మనవని నమ్మకం ఉండాలి. పాపెన్ గారి పిల్లలకి ఆ నమ్మకంతో పనే లేకపోయింది. ఆ పూట మంచు పడింది, ఆడుకున్నారు.